సౌండ్ తీసేసిన బొమ్మ

రొయ్యలు సగం వలిచానో లేదో ఫోన్ మోగింది. చెయ్యి కడుక్కోకుండానే ఎత్తాను. మా ఆయన స్టీఫెన్.

"హన్నా, వీడియో పంపాను చూశావా? కృత్తివెన్ను రొయ్యల చెరువుల దగ్గరది. కింద 'అనుమానిత చొరబాటుదారులు' అని టైపు కొట్టు. సౌండ్ తీసెయ్, బొమ్మ చాలు. ఏడింటి వార్తల్లో పడగానే అక్కడుంటున్న వీళ్ళని ఖాళీ చేయిస్తామంటున్నారు ఊళ్ళోవాళ్ళు. రెండు లైన్లేగా, వంట చేసుకుంటూ కొట్టెయ్."

రెండు లైన్లేనట! పన్నెండేళ్ళుగా బందరు కేబుల్ టీవీలో వచ్చే వార్తలన్నీ ఈ వంటింటి బల్ల మీద నేను రాసినవే. నేను పంపింది పంపినట్టే పడుతుంది, చివర్లో 'రిపోర్టర్ స్టీఫెన్' అని. మా అత్తగారేమో వచ్చినవాళ్ళందరికీ "మా కోడలు ఇంట్లో ఖాళీగానే ఉంటుందండీ" అని చెబుతారు. ఒళ్ళు మండుతుంది. అయినా కాఫీలు పెట్టి ఇస్తాను.

పొద్దున విదేశీ వార్తలు తెలుగు చేశాను. మునిగింది ఒకటే పడవ. ఒక దేశం ఛానల్ అందులోవాళ్ళని శరణార్థులంది. ఇంకో దేశం ఛానల్ అక్రమ వలసదారులని, చనిపోయినవాళ్ళ లెక్క చెప్పి క్రికెట్‌లోకి వెళ్ళిపోయింది. వాళ్ళ సొంత దేశం ఛానల్ మాత్రం ఒక్కొక్కరి పేరూ, ఊరూ చదివింది. మరి నేనేం రాశాను? 'పడవ మునక, నలభై మంది మృతి'. సిగ్గేసింది. అయినా పంపేశాను.

ఇప్పుడు వీడియో తెరిచాను, సౌండ్‌తోనే. నా ఈడు మనిషి, చంకలో పిల్ల. ఆధార్ కార్డు కెమెరాకి ఆనించి, వచ్చీరాని తెలుగులో చెబుతోంది. "నా పేరు తమన్నా అండీ. మాది బెంగాల్, మాల్దా. మూడేళ్ళ నుంచి ఇక్కడే రొయ్యలు వలుస్తున్నాం. నా మాట కూడా వెయ్యండి సార్."

అమ్మమ్మ గుర్తొచ్చింది. డెబ్బై ఏడు ఉప్పెనలో మా అమ్మమ్మ కొండమ్మ కట్టుబట్టలతో దివిసీమ నుంచి బందరు వచ్చింది. పోయేదాకా ఈ వీధిలో అందరికీ ఆమె 'ఉప్పెనావిడే'. "నాకూ ఓ పేరేడిసింది గదే" అనేది నాతో.

ఆయనకి ఫోన్ చేశాను. "ఏమండీ, ఆవిడ పేరు చెబుతోంది, కార్డు చూపిస్తోంది. విన్నారా?"

"నీకెందుకే ఆ గోల? చెప్పింది కొట్టు" అని పెట్టేశాడు.

ఆరూ నలభై. మాట వినకపోతే ఈ ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. నెలల తరబడి మాటలుండవు, ఈ రాతపనీ ఉండదు. వింటే, ఏడింటికి ఆ పిల్లతల్లి రోడ్డు మీద ఉంటుంది.

సౌండ్ తియ్యలేదు. పూర్తిగా పెంచాను. బొమ్మ కింద 'కృత్తివెన్ను చెరువుల్లో మూడేళ్ళుగా పనిచేస్తున్న తమన్నా, మాల్దా, పశ్చిమ బెంగాల్' అని కొట్టాను. ఆఖర్న ఆయన పేరు దగ్గర వేలు ఆగిపోయింది. దేవుడా, అనుకుని చెరిపేశాను. అక్కడ 'రిపోర్టర్ హన్నా, కొండమ్మ మనవరాలు' అని పెట్టి పంపేశాను.

ఏడయింది. టీవీలో తమన్నా తన పేరు చెబుతోంది. ఫోన్ ఆగకుండా మోగుతోంది. మోగనీ, నేను వార్తలు వింటున్నాను.