వణకని వంపు

ఆ దర్జీ కొట్టులో కుట్టేవాళ్లు ముగ్గురున్నా కత్తిరించేది మాత్రం అత్తే. ఆమె కోసిన చొక్కా తొడుక్కుని చెయ్యి పైకెత్తితే నడుము దగ్గర గుడ్డ వేలెడు కూడా లేవదు. ఆ గుట్టంతా చంక దగ్గర ఆమె తిప్పే వంపులో ఉంది. దాన్ని ఎన్నడూ కాగితం మీద పెట్టలేదు. చెయ్యుండగా కాగితమెందుకనుకుంది. ఇప్పుడా చెయ్యే వణుకుతోంది. పొద్దున సుద్దతో గీసిన గీత వానపాములా మెలికలు తిరిగింది.

"ఈ వంపు నాతోనే పోతుందే" అంది కోడలితో, గుడ్డ మడిచి పక్కన పెట్టేస్తూ.

కోడలు కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. ఆ పూటకి సెలవు పెట్టి, కోత బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. చొక్కా కోత గీయించాలని, అత్త చెప్పిన తన ఒంటి కొలతలన్నీ ప్రోగ్రాములో రాసి నడిపించింది. తెర మీద ఏమీ లేదు.

"ఏదే చొక్కా? దేవతావస్త్రమా?"

"ఉండండత్తయ్యా, ఎక్కడో తప్పింది."

"నీ లెక్క ఎక్కణ్ణుంచి మొదలు?"

"ఎడమ పక్క పై మూల. అక్కడ సున్నా."

"నేనూ మెడ దగ్గరే మొదలెడతాను. మరి కిందికి దిగితే?"

కోడలు నాలిక కరుచుకుంది. బళ్లో గ్రాఫు కాగితం అలవాటు కొద్దీ దిగే కొలతలన్నిటికీ మైనస్ పెట్టింది. తెర మీదైతే కిందికి దిగేకొద్దీ అంకె పెరగాలి. చొక్కా మొత్తం పై అంచు దాటి ఎటో ఎగిరిపోయింది.

"గుడ్డ కిందికే కదే వేలాడేది, చదువుకున్నదానా!"

మైనస్‌లు తీసేయగానే భుజం, పక్క కుట్టు కనబడ్డాయి. ఇక మిగిలింది వంపు. భుజం చివర ఒక చుక్క, చంక కింద ఒక చుక్క, వాటి నడుమ ఎడంగా మరో రెండు పెట్టింది. గీత ఆ రెంటి వైపూ వాలుతూ, దేన్నీ ముట్టకుండా వంగి దిగింది.

"వాటిని తాకదేం?"

"తాకదత్తయ్యా. ఎటు వంగాలో అవి చెబుతాయి, ఇది వింటుంది."

"మీ మామయ్య కన్నా నయం" అని అత్త స్టూలు దగ్గరకు లాక్కుంది. "కింది చుక్క లోపలికి జరుపు. ఇంకాస్త. పైది దించు."

చుక్క జరిగినప్పుడల్లా వంపంతా ఊపిరి తీసినట్టు ఒక్కసారే కదులుతోంది.

"ఆగు!"

అత్త వేలు తెర మీద ఆ గీత వెంట దిగింది. వేలు అటూ ఇటూ వణికింది. గీత వణకలేదు.

"ఇది నాదే" అంది మెల్లగా. "నలభై ఏళ్ల నా చెయ్యి నాలుగు చుక్కల్లో పట్టిందే!"

అసలు కొలతకే ప్రింటు తీసి, కాగితాలు అతికించి, కోడలే గుడ్డ కోసింది. సాయంత్రానికి చొక్కా తయారైంది. కోడలు తొడుక్కుని చెయ్యి పైకెత్తింది. అత్త ఆమె నడుము దగ్గర వేళ్లు ఆనించి చూసింది. గుడ్డ లేవలేదు. కుట్టేవాళ్లు ముగ్గురూ మిషన్లు ఆపేశారు.

"చెయ్యి లాగుతోందత్తయ్యా, దించనా?"

"దించకే తల్లీ. ఇంకాసేపు చూడనీ."