పక్క సందులో వేడి

అశోక్‌నగర్‌లోని ఆ అపార్ట్‌మెంట్ డాబా మీద ఆ ఉదయం పండగ సందడిగా ఉంది. కొత్తగా బిగించిన సోలార్ ప్యానెళ్లకు పసుపు రాసి, ఇన్వర్టర్‌కు కుంకుమబొట్టు పెట్టి, అసోసియేషన్ అధ్యక్షుడు సుందరరావు గారు కొబ్బరికాయ కొట్టారు. పులిహోర పంచారు. అందరికంటే ఎక్కువ పొంగిపోయింది ఆదిలక్ష్మి. నారాయణగూడలో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. బొగ్గు కాల్చి కరెంటు తీస్తుంటే గాలి ఎలా పాడవుతోందో, ఎండలు ఎలా ముదురుతున్నాయో చెప్పీ చెప్పీ గొంతు అరగదీసుకుంది. ఒక్కో ఫ్లాటు తలుపూ తట్టి, బతిమాలి, ఈ ప్యానెళ్లు పెట్టించింది.

వాటి మీద నీడ పడకూడదు. అందుకని అంతవరకూ డాబా మీద ఉన్న ఏసీల ఔట్‌డోర్ యూనిట్లన్నిటినీ కిందికి దింపి, పక్క సందులో గోడ పొడుగునా బిగించారు. ఆ సలహా ఇచ్చింది కూడా ఆదిలక్ష్మే. ఆ సందులోకి ఒకే ఒక్క కిటికీ ఉంది. అది వాచ్‌మన్ ఎల్లేష్ గదిది. దాని సంగతి ఎవరికీ తోచలేదు.

వేసవి వచ్చింది. కరెంటు బిల్లులు తగ్గాయి. బిల్లు తగ్గితే మనవాళ్లు ఏం చేస్తారో పాఠకులకు చెప్పనక్కర్లేదు. పడగ్గదికి ఉన్న ఏసీ హాలుకూ వచ్చింది, హాలుకు వచ్చింది వంటింటి దాకా పాకింది. "ఎండేగా, ఊరికే వస్తోంది" అని సుందరరావు గారు టీవీ చూసేటప్పుడు దుప్పటి కప్పుకోవడం మొదలుపెట్టారు. కూతురు భవ్య పిల్లలతో సెలవులకు వస్తోందని ఆదిలక్ష్మి కూడా హాల్లో ఇంకో ఏసీ పెట్టించింది. మన కరెంటే కదా అనుకుంది, పాపం.

ఒక మధ్యాహ్నం ఆదిలక్ష్మి వాచ్‌మన్ వాళ్లకు మామిడిపళ్లు ఇద్దామని కిందికి దిగితే, ఎల్లేష్ భార్య నర్మద గేటు దగ్గర ఎండలో కూర్చుని ఉంది. నిండు చూలాలు. మొహం కందిపోయింది.

"లోపల పడుకోకుండా ఇక్కడ కూర్చున్నావేమే?"

"లోపటికన్నా గీడనే జర నయం టీచరమ్మా. రాత్రి గూడ గట్లనే ఉంటది. కిటికీ మూస్తే ఊపిరాడది, తెరిస్తే మంట కొడ్తది."

ఆదిలక్ష్మి సందులోకి వెళ్లింది. యంత్రాలన్నీ ఒక్కసారిగా మొహాన వేడి కక్కాయి. బట్టీ తలుపు తీసినట్టయింది. కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉన్న యంత్రం తన హాలు ఏసీదే. గబగబా గేటు దగ్గరికి తిరిగొచ్చింది.

"పైకి వచ్చి మా హాల్లో పడుకో."

"వద్దమ్మా. వాచ్‌మన్ పెండ్లాం ఏసీల పండుకుందని నలుగురు నాలుగు మాటలంటరు. మా ఆయన నౌకరీకి మోసమొస్తది."

ఆదివారం మీటింగులో ఆదిలక్ష్మి చేతులు జోడించింది. యూనిట్లు మళ్లీ పైకి మార్చుదామంది. ప్యానెళ్లు కొన్ని తీయాల్సి వస్తుందని మిగతావాళ్లు ఒప్పుకోలేదు. పోనీ తలా ఒక్క ఏసీతో సరిపెట్టుకుందామంది.

సుందరరావు గారు నవ్వారు. "ఆదిలక్ష్మి గారూ, మనం వాడేది శుభ్రమైన కరెంటు. మీరే కదండీ చెప్పింది? ఇందులో ఎవరికి నష్టం?"

"రాత్రిపూట ప్యానెళ్లు పనిచేయవండీ. పగలు మనం కరెంటు ఆఫీసుకు ఇచ్చింది బిల్లు లెక్కలో జమ అవుతుందే గానీ, రాత్రి మన ఏసీలు తిరిగేది చాలావరకు బొగ్గు కరెంటుతోనే. వాడకం పెంచుకుంటూ పోతే మనం చేసిన మేలంతా బూడిదలో పోసినట్టే. ఆ పిల్ల ఉడికిపోతోంది!"

అందరూ తలలూపారు. "నిజమే, ఆలోచించాల్సిన విషయమే" అన్నారు. ఆలోచిస్తూనే పైకి వెళ్లి తలుపులు బిగించుకున్నారు. ఆదిలక్ష్మి తన ఏసీలు రెండూ కట్టేసింది. సందులో రెండు యంత్రాలు ఆగితే మిగతా వాటికి లెక్కేమిటి?

ఆ వారంలోనే నర్మద స్పృహ తప్పి పడిపోయింది. ఎల్లేష్ ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తాడు. ఒంట్లో వేడి మితిమీరిందన్నారు డాక్టర్లు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

గది ఖాళీ చేస్తూ ఎల్లేష్ తాళంచెవి ఆదిలక్ష్మి చేతికిచ్చాడు.

"మీరేం జేస్తరు టీచరమ్మా? ఎవ్వరినీ ఏమనం. ఎండలే గట్లున్నయ్" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ మెట్ల మీదే కూలబడి ఏడ్చింది.

తొలకరి పడ్డాక పాలమూరు వైపు నుంచి కురుమయ్య అనే పెద్దాయన భార్యతో సహా పనికి వచ్చాడు. అప్పటికి చినుకులు పడుతున్నాయి, యంత్రాలు ఆగి ఉన్నాయి. సుందరరావు గారు గది తలుపు తీసి చూపించారు. కురుమయ్య గోడ మీద అరచెయ్యి ఆనించి భార్యవైపు తిరిగాడు.

"సల్లగనే ఉన్నదే. మంచిగుంది."

ఆదిలక్ష్మి చెప్పబోయింది. వద్దంటే ఈ ముసలివాళ్లు ఎక్కడికి పోతారు? ఉండమంటే వేసవికి ఏమవుతారు? పైన ఎవరో మరో ఏసీ బిగించడానికి గోడకు బెజ్జం వేస్తున్నారు.

కరెంటు ఎండ నుంచి తెచ్చుకున్నా, గాలి నుంచి తెచ్చుకున్నా, మన సుఖానికి ఒక హద్దు గీసుకోనంతవరకు ఆ వేడి పోయి ఎవరో ఒక పేదవాడి కిటికీకే కొడుతుంది.