గుంత అంచున ఆయుధపూజ

మూకండపల్లిలో కొత్త ఫ్యాక్టరీ సెల్లారు కోసం తవ్విన గుంత అంచున ఆ ఉదయం ఒక పొక్లెయిన్, రెండు టిప్పర్లు తూర్పుముఖంగా బారుతీరి నిలబడ్డాయి. ఆయుధపూజ. చామంతి దండలు వేశారు, చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టారు. బండ్లకు తూర్పున ఉన్నది గుంతే.

ఇంజనీరు భువన కారు దిగగానే చూసింది బండ్లు కడిగిన నీళ్లను. అవి అంచు మీదుగా గుంతలోకి జారడం లేదు. టైర్ల వెనక సన్నని పగులులోకి దిగి మాయమైపోతున్నాయి.

ఈ మట్టి నిలుస్తుందని లెక్క కట్టింది ఆమే. కంప్యూటర్ రెండు హద్దులు చెబుతుంది. మొదటి హద్దు లోపల బరువుంటే మట్టి తప్పక నిలుస్తుంది. రెండోది దాటితే తప్పక కూలుతుంది. ఆమె లెక్కలో అంచు ఖాళీగా ఉంది. పండగపూట బండ్లన్నీ అక్కడికే చేరతాయని ఆమెకు తట్టలేదు.

కారు బానెట్ మీదే ల్యాప్‌టాప్ తెరిచి, బండ్ల బరువూ తడిసిన మట్టీ కలిపి మళ్లీ నడిపింది. బరువు మొదటి హద్దు దాటేసింది, రెండోదాన్ని ఇంకా తాకలేదు. ఆ రెండింటి నడుమ ఏం జరుగుతుందో ఏ లెక్కా చెప్పదు.

"మోహన్‌రాజన్నా, లోపల ఎవరైనా ఉండారా?"

కాంట్రాక్టరు నవ్వాడు. "సెల్వరాజు ఒక్కడే మేడమ్. నీళ్ల పంపుకూ బొట్టు పెడతానని దిగినాడు. అదీ ఆయుధమే కదా!"

"పైకి పిలవండి. ఆపైన బండ్లు వెనక్కి తీయించండి."

"నిలుస్తాదని రాసిచ్చింది మీరే కదా?"

"బండ్లు లేకుండా రాసినాను."

పొక్లెయిన్ డ్రైవరు రాజప్ప ముఖం ముడుచుకున్నాడు. "పూజ కాకముందే రివర్సా? ఏడాదంతా నా బతుకు ఎనక్కే పోతాదమ్మా."

కొందరు నవ్వారు. సెల్వరాజు భార్య మారియమ్మ నవ్వలేదు. ఆమె భువన చూపు వెంట పగులును చూసింది. అది ఇందాకటికన్నా వెడల్పుగా ఉంది.

"ఏమయ్యో! పంపుకు పెండ్లి చేస్తా ఉండావా? పైకి రా!"

"ఉండే, దండ కడతా ఉండాను!" అడుగు నుంచి తీరిగ్గా వచ్చింది జవాబు.

మారియమ్మ గొంతు చించుకుని అరిచింది. "కాలు ఇరిగిందయ్యో! నా కాలు!"

పూలు జారవిడిచి సెల్వరాజు నిచ్చెన వైపు పరుగెత్తాడు. ఆలోగా గొణుక్కుంటూనే బండి ఎక్కబోయిన రాజప్ప, క్యాబిన్ మెట్టు మీద పెట్టిన కాలు తనే తీసేశాడు. బండి కింద నేల మెత్తగా కుంగినట్టు అనిపించిందట.

"యాడ? ఏ కాలు?" సెల్వరాజు పైకి వస్తూనే వంగి ఆమె పాదాలు తడిమాడు. మారియమ్మ అతని చొక్కా పట్టుకుని కారు దాకా ఈడ్చుకుపోయింది.

చప్పుడు పెద్దగా రాలేదు. అంచు ఒక పెద్ద నిట్టూర్పులా కిందికి దిగింది. దండలతో సహా పొక్లెయిన్ ముందుకు ఒరిగి, గుంతలోకి జారింది. ఒక టిప్పరు దాని వెంటే పోయింది.

మట్టి అడుగు నుంచి పంపు మోత ఇంకా వినబడుతూనే ఉంది. సెల్వరాజు దాన్నే వింటూ నిలబడ్డాడు, అది ఆగిపోయేదాకా.