ఆముదం పూసిన కట్టె

భీమప్ప చేతిలో కట్టె లేకుండా గడిచిన రోజంటూ లేదు. కోట్‌పల్లి దగ్గరి బీడు భూముల్లో గొర్రెలు కాసే ఇంట్లో పుట్టాడు. నడక రాకముందే కట్టె పట్టాడని వాళ్లమ్మ బుగ్గమ్మ నవ్వుతూ చెప్పేది. అందుకే కూతురు అంజలి వికారాబాద్ కాలేజీ నుంచి ఒక బరువైన చెక్క బ్యాట్ తెచ్చి "గిది బేస్‌బాల్ బ్యాట్ నాయినా" అన్నప్పుడు, ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో తనకు తెలియంది ఏమీ లేదని తీర్మానించుకున్నాడు. ఆ తీర్మానమే కొంప ముంచింది. పాపం, ఆ రోజు ఆయనకు ఆ సంగతి ఎవరు చెబుతారు?

ఆట కూడా తనకు తెలిసిపోయిందనే అనుకున్నాడు. ఒకరు బంతి విసురుతారు, ఇంకొకరు దాన్ని బాది పరుగెత్తుతారు. క్రికెట్టే కదా అంటే అంజలికి చిర్రెత్తుకొచ్చేది. తెలంగాణ జట్టులోకి ఈ జిల్లా నుంచి బ్యాట్ పట్టే అమ్మాయిని ఒక్కర్తినే తీసుకుంటారట. ఆ ఒక్క చోటుకూ ఇద్దరు మిగిలారు. ఒకరు అంజలి. ఇంకొకరు తాండూరులో కందిపప్పు వ్యాపారం చేసే కిషన్ సేటు కూతురు నిఖిల.

అలాగని ఇద్దరికీ పడదనుకునేరు. ఒకే డబ్బాలో అన్నం తినే స్నేహం వాళ్లది. ఆటలో మాత్రం ఇద్దరివీ చెరో దారి. అంజలిది బలం. తగిలిందా, బంతి ఎటు పోయిందో వెతుక్కోవాల్సిందే. కాకపోతే తగిలేది తక్కువ. నిఖిలది వేగం. పిడికెడు మనిషి, కానీ బంతి వచ్చేసరికి ఆమె బ్యాట్ అక్కడ సిద్ధంగా ఉండేది. దూరం పోకపోయినా తప్పిపోవడమనేది ఉండదు. ఆటలు నేర్పే ధనరాజ్ సార్ నిఖిల వైపే మొగ్గేవాడు. "బలం ఎంతున్నా బ్యాట్ లేటుగ వస్తే గాలిని కొట్టినట్టే అంజలీ. ముందు చేతులు ఉరకాలె, బలం ఎనక నుంచి అదే వస్తది" అనేవాడు. ఈ మాట ఇంట్లో చెబితే భీమప్పకు ఎక్కడలేని రోషం వచ్చేది. తోడేలు మీదికి వచ్చినప్పుడు చేయి ఎంత చురుకో చూసుకుంటూ కూర్చుంటామా, ఒక్క దెబ్బ గట్టిగా పడాలి గానీ, అని కూతురికి నూరిపోసేవాడు. ఆ పిల్ల ఇద్దరి మాటా వినేది, చివరికి తండ్రి చెప్పినట్టే కొట్టేది.

డిసెంబర్లో ఒక ఆదివారం నిఖిల స్కూటీ వేసుకుని అంజలి వాళ్లింటికి వచ్చింది. ఏడాది చివరికొస్తే ఆ పిల్లకు ఒక పిచ్చి పడుతుంది. ఆ ఏడు వచ్చిన పాటల ఆల్బమ్‌లలో తనకు నచ్చినవాటికి ర్యాంకులు ఇచ్చి స్నేహితురాళ్లందరికీ ఫోన్‌లో పంపుతుంది. ఇక వారం పాటు వాళ్లలో వాళ్లకు కొట్లాటే. బ్యాట్ ఊపేటప్పుడు కూడా ఆమెకు చెవిలో పాట మోగాలి. దరువు ఉరికితే చేతులు ఉరుకుతాయని ఆమె నమ్మకం. మైదానంలో చెవుల్లో ఇయర్‌బడ్లు పెట్టుకోవద్దని సార్ ఎన్నిసార్లు తిట్టాడో. ఆమె నవ్వేసి, సార్ అటు తిరగ్గానే హెల్మెట్ కింద మళ్లీ పెట్టుకునేది.

"కాకా, నువ్వే న్యాయం చెప్పాలె" అంది నిఖిల అరుగు మీద కూర్చుంటూ. "నేను సినిమా పాటల ఆల్బమ్‌ ఫస్టు పెట్టిన. నీ బిడ్డేమో ఒగ్గుడోళ్ల ఆల్బమ్‌ పెట్టమని పానం తింటున్నది."

"అది ఇనకుండనే కిందికి తోసింది నాయినా!" అంది అంజలి.

నిఖిల ఒక ఇయర్‌బడ్ తీసి భీమప్ప చెవిలో పెట్టింది. ఆయన మొదట బెదిరాడు. తర్వాత డోలు మోగింది. చిన్నప్పుడు బీరప్ప పండుగలో తండ్రి భుజాల మీద కూర్చుని విన్న దరువు అది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడం కూడా మరిచిపోయి అలాగే కూర్చున్నాడు.

"గిది మా దేవుని దరువు బిడ్డా" అన్నాడు చివరికి. "గీ ఫోన్లకెట్ల జొర్రింది?"

నిఖిల ఆయన మొహం చూసి ఇంకేమీ వాదించలేదు. అప్పటికప్పుడు ఫోన్ తీసి ఆ ఆల్బమ్‌ను మొదటి స్థానంలో పెట్టేసింది. "కాక ఏడ్చినంక తిరుగుంటదా? గీ ఏడు గిదే ఫస్టు" అంది. వెళ్లేటప్పుడు బుగ్గమ్మ ఆ పిల్లకు జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చింది. సేటు బిడ్డ అయినా ఎంత కలుపుగోలుతనమని భీమప్ప ఆ సాయంత్రమంతా ఆ పిల్ల మాటే మాట్లాడాడు.

ఎంపిక ముందురోజు రానే వచ్చింది. "రేపు నువ్వు గూడ రా నాయినా. ఒక్కసారన్న నేను ఆడంగ చూడు" అని అంజలి పట్టుబట్టింది. గొర్రెలను తమ్ముడికి అప్పగించి వస్తానని భీమప్ప మాటిచ్చాడు. ఇచ్చిన తర్వాత ఆయన కాలు నిలవలేదు. బిడ్డ అంత పెద్ద పనికి పోతుంటే తండ్రిగా తాను ఏం చేసినట్టు?

ఆ ఇంట్లో తాతల నాటి నుంచి ఒక ఆనవాయితీ ఉంది. మందను తోలుకుని దూరం మేతకు బయలుదేరే ముందు కట్టెకు ఆముదం పూసి, బీరప్ప పటం ముందు పెట్టి, మీద ఇంత పసుపు బండారు చల్లుతారు. పోయిన పని అయి ఇంటికి చేరేదాకా ఆ నూనెను తుడవరు. తుడిస్తే దేవుడిచ్చిన తోడును తోసేసినట్టని వాళ్ల నమ్మకం. కట్టె నున్నగా ఉండాలి, అరచేతిలో జారుతూ ఆడాలి, అప్పుడే అది మంచి కట్టె. గొర్రెల కాపరికి అది అక్షరాలా నిజం.

పొద్దు వాలుతుండగా భీమప్ప బ్యాట్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చెక్క ఎండి గరుకుగా ఉంది. పట్టుకునే చోట చుట్టిన పట్టీ ఊడిపోతుంటే దాన్ని విప్పి పారేశాడు. ఆముదం వెచ్చబెట్టి, కొస నుంచి పిడి దాకా, వదలకుండా, పసిపిల్లకు ఒళ్లు రుద్దినట్టు రుద్దాడు. చెక్క నూనె తాగేకొద్దీ నల్లగా నిగనిగలాడింది. ఆయన మనసు నిండిపోయింది. ప్రేమతో చేసే పనిలో తప్పు వెతకాలని ఎవరికి తోస్తుంది? నాకైతే తోచదు. అయినా ఆ సాయంత్రాన్ని తలుచుకుంటే ఆయన చేతిలోంచి ఆ ఆముదం గిన్నె లాక్కోవాలనిపిస్తుంది.

పొద్దున్నే అంజలి బ్యాట్ చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

"నాయినా, పిడికి గూడ పూసినవా?"

"అంతట పూసిన బిడ్డా. బీరప్ప ముందర పెట్టిన. ఇంక నీకు ఫికర్ లేదు."

ఆమె బండారు అంటిన తన అరచేతిని చూసుకుంది. ఏదో అనబోయి తండ్రి మొహం చూసి మానుకుంది. బ్యాట్‌ను సంచిలో పెట్టుకుని బస్సు వేళయిందంది. దేవుడి మీద భక్తితో మాట రాలేదని భీమప్ప మురిసిపోయాడు.

వికారాబాద్ మైదానంలో ఎండ చురుక్కుమంటోంది. హైదరాబాద్ నుంచి వచ్చిన సెలక్టర్లు టెంటు కింద కూర్చున్నారు. కిషన్ సేటు కూడా కారులో వచ్చి, భీమప్పను చూసి తన పక్కనే కుర్చీ వేయించాడు. "మన పిల్లలల్ల ఎవరొచ్చినా మనకు సంతోషమే భీమప్పా" అన్నాడు. మాట బాగానే ఉంది గానీ ఇద్దరు తండ్రుల చేతులూ మోకాళ్ల మీద కుదురుగా లేవు.

ముందు నిఖిల ఆడింది. వచ్చిన బంతినల్లా తాకించింది. బ్యాట్ కదిలిందా లేదా అన్నట్టు ఉండేది, బంతి మాత్రం మనుషుల సందుల్లోంచి జారిపోయేది. సెలక్టర్లు తలలూపారు. భీమప్ప కుర్చీ అంచుకు జరిగాడు. వేగమే గెలిచేలా ఉంది. తరువాత అంజలి వంతు. ఆమె తర్వాత మళ్లీ నిఖిలే ఆడాలి కాబట్టి, ఆ పిల్ల హెల్మెట్ తీయకుండా ఒక పక్కకు వెళ్లి నిలబడి, తలను చిన్నగా ఆడిస్తూ బ్యాట్ ఊపుకుంటోంది. చెవిలో పాట మోగుతోందని భీమప్పకు అర్థమైంది. సార్ చూడలేదు కదా అని ముసిముసిగా నవ్వుకున్నాడు కూడా.

మొదటి బంతికి అంజలి బలంగా ఊపింది. తగల్లేదు. బ్యాట్ ఆమె చేతుల్లో సగం మెలి తిరిగింది. ఆమె వంగి గుప్పెడు మన్ను తీసి అరచేతులకు రుద్దుకుంది. రెండో బంతికీ అంతే. ఈసారి బ్యాట్ కొస నేలకు తగిలింది.

"అంజలీ, పట్టు సరిగ లేదు! బ్యాట్ మార్చుకుంటవా?" అని ధనరాజ్ సార్ అరిచాడు. గోడకు ఆనించి ఇంకో నాలుగు బ్యాట్లున్నాయి.

అంజలి వాటి వైపు చూసింది. తర్వాత టెంటు వైపు, తండ్రి వైపు చూసింది. భీమప్ప పిడికిలి బిగించి చూపించాడు, గట్టిగా కొట్టమని. ఆమె సార్‌తో వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. చొక్కా అంచుతో కూడా పిడిని తుడవలేదు.  

మూడో బంతి వచ్చింది. అంజలి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. అబ్బ, ఏం దెబ్బ! బంతి లేచి, గోడ దాటి, రోడ్డవతలి ఇళ్ల మీదుగా పోయింది. మైదానమంతా తలలెత్తి దాన్నే చూసింది. సెలక్టర్లు లేచి నిలబడ్డారు. భీమప్ప కుర్చీ తన్నేసి "నా బిడ్డ! గది నా బిడ్డ!" అని ఎగిరాడు. అందరి కళ్లూ బంతి మీదే. బ్యాట్ ఎటు పోయిందో ఒక్కరూ చూడలేదు.

"నిఖిలా!" అని అంజలి పెట్టిన కేక విని భీమప్ప తల దించాడు. కేక వినాల్సిన పిల్లకు వినపడలేదు. ఆమె ఇంకా దరువుకు తలాడిస్తూనే ఇటు తిరుగుతోంది. బ్యాట్ హెల్మెట్ అంచు కింద, కుడికంటి మీద తగిలింది. ఆ పిల్ల అరవను కూడా అరవలేదు. మెల్లగా కూర్చుని, తర్వాత పక్కకు ఒరిగింది. కిషన్ సేటు చెప్పులు వదిలేసి పరుగెత్తాడు.

ఆసుపత్రిలో డాక్టర్ ఎక్కువసేపు చూడలేదు. చెంప ఎముక విరిగింది, కన్ను బాగా దెబ్బతింది, చూపు ఉంటుందో లేదో ఇప్పుడు చెప్పలేం, వెంటనే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు. అంబులెన్సు కోసం అందరూ వరండాలో నిలబడ్డారు. సెలక్టర్లలో ఒకాయన వచ్చి ధనరాజ్ సార్‌తో గొంతు తగ్గించి మాట్లాడి వెళ్లాడు. అంజలినే తీసుకుంటున్నామన్న మాట భీమప్ప చెవిన పడింది. సంతోషపడాల్సిన మాటే. ఆయనకు ఒంట్లోంచి నెత్తురు తీసేసినట్టయింది.

ఎందుకంటే అప్పటికి ఆయనకు తెలిసిపోయింది. బ్యాట్‌ను ఎవరో అక్కడికి తెచ్చి వరండా గోడకు ఆనించారు. దాని మీద మన్ను అంటుకుని ఉంది, మన్ను కింద తన ఆముదం మెరుస్తోంది. నోరు విప్పితే బిడ్డకు దక్కిన చోటు పోతుంది. విప్పకపోతే ఎవరికీ తెలియదు. విప్పవద్దనే అనుకున్నాడు. అవును, అనుకున్నాడు. తండ్రి కదా.

"ఎట్ల జారిందమ్మా?" అన్నాడు ధనరాజ్ సార్.

"చెమట, సార్" అంది అంజలి.

కిషన్ సేటు ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో వచ్చి అంజలి తల మీద చేయి పెట్టాడు. "నీ తప్పేం లేదు బిడ్డా. ఆటల గిట్లయితయి. నువ్వు పరేషాన్ గాకు. నిఖిల లేస్తే ముందుగల నిన్నే అడుగుతది" అన్నాడు. అంజలి పళ్ల బిగువున నిలబడింది గానీ, అరచేతులను మళ్లీ మళ్లీ చొక్కాకు తుడుచుకోవడం భీమప్పకు కనిపించింది. ఇక ఆయన వల్ల కాలేదు.

"చెమట గాదు సేటూ" అన్నాడు.  "నేను ఆముదం పూసిన. మా కట్టెలకు పూస్తం. పిడికి చుట్టిన పట్టీ గూడ నేనే తీసేసిన. బిడ్డది గాదు, నాది తప్పు. నన్ను కొట్టుండ్రి."

కిషన్ సేటు ఆయన వైపు చూశాడు. కొట్టలేదు, తిట్టలేదు. అర్థం కాని భాష విన్నట్టు చూసి, అంజలి తల మీది చేయి తీసేశాడు. ధనరాజ్ సార్ వెళ్లి బ్యాట్ పిడి పట్టుకున్నాడు. అది ఆయన అరచేతిలో ఇట్టే జారింది. అంజలి వైపు తిరిగాడు.

"ఆయనకు తెల్వదు. ఆయన ఎన్నడు బ్యాట్ పట్టలే. నీకు తెల్వదా అంజలీ? పట్టంగనే తెలుస్తది గద?"

"తెలుసు, సార్. పొద్దుగాల్నే తెలిసింది."

"మరి నేను మార్చుకోమంటే ఎందుకు మార్చుకోలే? కనీసం తుడుచుకోలే ఎందుకు?"

లోపలి నుంచి స్ట్రెచర్ బయటికి వస్తోంది. నిఖిల మొహం మీద కట్టు, కట్టు మీద ఎర్రటి మరక. అంజలి దాన్నే చూస్తూ, తండ్రి వైపు తిరగకుండా, చాలా మెల్లగా చెప్పింది.

"మా నాయిన చూస్తుండె, సార్."