అరవై మూడు గంటలు

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న గౌరీశ్వరికి నవ్వొచ్చింది. నల్లటి తెరమీద ఒక్కటే వరుస. ‘ఇల్లు: అరవై మూడు గంటలు. ఇంకా నడుస్తోంది.’

ఆ ఆఫీసులో ఏ పని మొదలెట్టినా ‘స్టార్ట్’ అని కొట్టి పనిపేరు టైపు చెయ్యాలి. అయ్యాక ‘స్టాప్’ కొట్టాలి. గంటలు అదే లెక్కేసుకుంటుంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి బస్సుకి పరిగెత్తబోతూ, ఉక్రోషం పట్టలేక, ‘స్టార్ట్ ఇల్లు’ అని కొట్టేసింది. ఆ పొద్దున్నే స్టీల్‌ప్లాంటులో షిఫ్టు దిగొచ్చిన మొగుడు మోహన్, కాఫీ కాస్త ఆలస్యమైందని, “ఇంట్లో నువ్వు సేసీ పనేటుందే? ఆఫీసులో కుర్చీ, ఇంట్లో టీవీ!” అన్నాడు మరి. ఆ టీవీ ముందు చివరిసారి ఎప్పుడు కూర్చుందో ఆమెకే గుర్తులేదు. బస్సెక్కేసరికి, కొట్టిన సంగతే మర్చిపోయింది.

మర్చిపోక ఏం చేస్తుంది? నాలుగింటికొచ్చే కుళాయి నీళ్లు, రెండు ఉతుకులకీ వదలని యూనిఫాం మసి, అత్తగారు అప్పాయమ్మకి ఉప్పులేని చారు, మొగుడికి ఉప్పుచేప వేపుడు, కూతురికి ఎక్కాలు. ఒళ్లు వాల్చినా సగం చెవి అత్తగారి దగ్గుమీదే. ఆదివారం హార్బర్ రొయ్యలు ఒలుస్తూనే మొగుడికి మెల్లగా చెప్పింది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, మూడు వారాలు ఆఫీసులో ట్రైనింగు. చేసినవాళ్లనే పర్మనెంట్ చేస్తారు, రేపే మొదలు, పొద్దున్నే పేరివ్వాలి. నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్న మాట అది. మోహన్ పేపరు దించకుండానే, “మరి ఇంట్లో పనెవుడు సేత్తాడు?” అన్నాడు. “ఆడికి టైముకి కూడెవులు పెడతారమ్మా? నాను సూత్తే ఒంగలేను,” అంది అత్తగారు. “సరే లెండి,” అనేసింది గౌరీశ్వరి. ఛీ, ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో నోటికి ఆ మాట!

మేనేజరు శివరామకృష్ణ వెనకనుంచి తొంగిచూసి, “అరవై మూడు గంటలా! స్టాప్ కొట్టడం మర్చిపోయారామ్మా? తప్పు పడింది, చెరిపేయండి. అన్నట్టు, ట్రైనింగుకి మీ పేరు రాలేదే?” అన్నాడు.

చెరపబోయి ఆగింది. శుక్రవారం మొగుడు ఇంట్లో పనే లేదన్నాడు. ఆదివారానికి ఆ పని చెయ్యడానికి మనిషే లేదన్నాడు. రెండ్రోజుల్లో అంత పని ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది? ఆమెకి ఒళ్లు మండింది.

“తప్పు కాదండి. ఉండనివ్వండి,” అంది. “ట్రైనింగుకి నా పేరు రాసుకోండి.” ‘స్టాప్’ కొట్టింది.

మూడున్నరకి, షిఫ్టు దిగి ఇంటికి చేరిన మోహన్‌కి ఫోను చేసింది. “ఇయ్యాల్టి నుంచి ఎనిమిది దాటాకే వస్తానండి.”

“మరి ఇంట్లో పనో?” అన్నాడతను.

“పనేటుందన్నారు కదండీ శుక్రవారం? ఆ లేని పనే. మీరు సేసీండి.”