ఆలస్యం నాది, నింద నాయుడుగారిది

నేను ఒక పైథాన్ లైబ్రరీని, అంటే పైథాన్ అనే కంప్యూటరు భాషలో రాసిన చిన్న సాఫ్ట్‌వేర్‌ని. నా దగ్గర పుస్తకాలు దొరకవు. ప్రోగ్రాములు ఏ శబ్దం మోగించమంటే అది మోగించడమే నా పని. పరీక్షలకు చదవడం ఇష్టంలేని ఓ ఇంజనీరింగ్ విద్యార్థి నన్ను రాశాడు. పాట పావు సెకను ఆలస్యమైతే ఎవరి కొంప మునుగుతుంది అనుకున్నాడు. ఆ బద్ధకమే నాకు ఆస్తి. కొన్నాళ్లు ఒక తంబోలా ఆటలో అంకెలు పలికాను. అక్కడ నన్నెవరూ తప్పుపట్టలేదు.

తర్వాత విశాఖలో ఒక మనస్తత్వశాస్త్ర ప్రయోగశాలకు చేరాను. పరిశోధక విద్యార్థిని ప్రసూన ప్రయోగం చిన్నదే. బీప్ వినగానే మీట నొక్కాలి, ఎంత త్వరగా నొక్కారో కంప్యూటరు చెబుతుంది. అక్కడ నాకంటే చురుకైన లైబ్రరీ ఉండేది. పైథాన్ కొత్త వెర్షన్ వేసినప్పుడు ఆ లైబ్రరీని మళ్లీ ఎక్కించడం మరిచారు. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం కదా, ఆ ప్రయోగం సాఫ్ట్‌వేర్ గుట్టుచప్పుడు కాకుండా నన్ను పిలిచింది. దాని బదులు నన్ను వాడుతున్నట్టు తెర మీద ఎర్ర అక్షరాల హెచ్చరిక కూడా వచ్చింది. ప్రసూన హెడ్‌ఫోన్ పెట్టుకుని, "వినిపిస్తోందిగా!" అని దాన్ని మూసేసింది.

గడియారమేమో నన్ను పిలిచిన క్షణం నుంచే పరిగెడుతుంది. నేను ఒళ్లు విరుచుకుని మోగేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఆ ఆలస్యమంతా మనుషుల నెత్తిన పడింది. వచ్చినవాళ్లందరూ నెమ్మదే! ప్రసూన గైడు విరూపాక్షంగారు సముద్రపు గాలే కారణమంటూ వ్యాసం మొదలుపెట్టారు. పరీక్షకు వచ్చినవాళ్లలో ఒకరైన రిటైర్డ్ ఉద్యోగి గౌరునాయుడుగారికి ప్రసూన, "మీ స్పందన బాగా నెమ్మదించిందండీ" అని చెప్పింది. ఆ రోజు నుంచి ఆయన మనవరాలిని స్కూటరు మీద బడికి దింపడం మానేశారట. అది విని నాకు సిగ్గేసింది. అయినా తర్వాతి బీప్ కూడా ఆలస్యంగానే మోగించాను.

ఒకరోజు అతిథుల ముందు విరూపాక్షంగారే పరీక్షకు కూర్చున్నారు. నాయుడుగారికంటే నెమ్మదని తేలింది.

"మెషీన్లో ఏదో తేడా ఉందమ్మా!" అన్నారు వెంటనే.

ఊరంతా నెమ్మదైతే పరిశోధన, ఆయనొక్కరు నెమ్మదైతే మెషీన్ తేడా. ఎలాగైతేనేం, ప్రసూన ఈసారి ఆ ఎర్ర అక్షరాలను మూసేయకుండా చదివింది. నా పేరు చూసి తల పట్టుకుంది. పాత లైబ్రరీని తిరిగి ఎక్కించి, ముందుగా నాయుడుగారికి ఫోన్ చేసింది.

"తప్పు మాదండీ, మీది కాదు. ఇంకొక్కసారి వస్తారా?"

అవతలి నుంచి నాయుడుగారు వెంటనే అడిగారు.

"అయితే నాను బాగున్నట్టేనేటమ్మా?"

"అలాగే అనిపిస్తోందండీ. మళ్లీ చూసి గట్టిగా చెబుతాను."

"వత్తానమ్మా. బండి మీదే వత్తాను."

ప్రసూన కళ్లు తుడుచుకుని, నన్ను తొలగించే ఆదేశం టైపు చేసి ఎంటర్ నొక్కింది. నా బతుకులో మొదటిసారి, చెప్పిన క్షణానే చెప్పిన పని చేశాను.