డాక్టరు గారి మంచినీళ్ల గుక్క

ఎక్స్‌రే సెంటర్లో వెనక గది టైపిస్టమ్మది. డాక్టరు గారు ఫిల్ములు చూస్తూ చెప్పిన మాటలు రికార్డరులో పడతాయి. ఈవిడ వాటిని విని రిపోర్టులుగా కొడుతుంది. పంతొమ్మిదేళ్లుగా అదే కుర్చీ. కుర్చీ కాళ్లు రెండుసార్లు మారాయి గానీ మనిషి మారలేదు. తీరా ఇప్పుడు కుడి మణికట్టు మొరాయించింది. గరిట తిప్పితే చాలు, ప్రాణం జివ్వుమంటుంది. నొప్పి సరే, కుర్చీ వదులుకోవాల్సి వస్తుందేమోనన్నదే ఆవిడ బెంగ.

కీబోర్డులు బాగుచేసే ఆడపడుచు ఈ సంగతి విని, అరచేతిలో ఇమిడే చిన్న పెట్టె పట్టుకొచ్చింది. దానికి ఆరు బటన్లు.

"రోజూ పదే పదే కొట్టే మాటలేవో చెప్పు వదినా."

"'ఎముకలన్నీ సవ్యంగా ఉన్నాయి, ఎక్కడా విరగలేదు.' పదిమందిలో ఏడుగురికి ఇదేనే."

ఆడపడుచు దాన్ని మొదటి బటన్లోకి ఎక్కించింది. నొక్కగానే వాక్యమంతా దభీమని తెర మీద పడింది.

"అమ్మ బాబోయ్! మీ అన్నయ్యకీ ఇలాంటిదొకటి పెట్టరాదూ? నొక్కితే లేచేలా."

"ఆ మోడలుకి రిపేరు లేదు వదినా. మా అమ్మే చేతులెత్తేసింది."

మర్నాడు ఆరింటికి తెమిలే పని నాలుగింటికే తెమిలిపోయింది. చేతికి హాయిగా ఉంది. ఆఖరి రిపోర్టుకి బటన్ నొక్కేసి, రికార్డరు ఆపకుండానే టీ అందుకుంది. చెవిలో గ్లాసు చప్పుడు, గుటక, ఆపైన డాక్టరు గారి గొంతు.

"ఉండమ్మా, అది తీసెయ్. పక్కటెముకలో సన్నని పగులుంది."

టీ చేతిలోనే ఉండిపోయింది. ఆయన అలవాటే అంత. ముందు మామూలు మాట అనేసి, గుక్కెడు నీళ్లు తాగి, ఫిల్ము మళ్లీ చూస్తారు. ఇన్నేళ్లూ ఈవిడ వేళ్లు వాక్యం ముగించేలోపు ఆయన రెండో మాట వచ్చేసేది. ఇవాళ బటన్ నొక్కడం, రికార్డరు ఆపడం, తర్వాతి మనిషికి వెళ్లిపోవడం. ఆరింటికి ఆయన చదవకుండానే సంతకాలు పెట్టేస్తారు. అంత నమ్మకం ఈవిడంటే.

మిగిలిన రెండు గంటలూ ముప్ఫై ఎనిమిది రికార్డింగులూ మొదటినుంచి వింది. ఇంకొకటి దొరికింది, ఎవరిదో చీలమండ. రెండూ దిద్దాకే కాగితాలు ఆయన బల్ల మీద పెట్టి, తిన్నగా ఆడపడుచు కొట్టుకి వెళ్లింది.

"దీన్ని నెమ్మది చెయ్యవే."

"అందరూ వేగం చాలదని నన్ను చంపుతుంటే నువ్వేంటి వదినా!"

"నా చెయ్యి నడిచినంతే నడవాలి. చివర గుక్కెడు నీళ్లంతసేపు ఆగాలి."

"గుక్కెడంటే ఎంత?"

వదినగారు బల్ల మీది సీసా ఎత్తి తాగి చూపించింది. ఆడపడుచు నవ్వుకుంటూనే గడియారం చూసి లెక్క కట్టింది.

మర్నాడు బటన్ నొక్కితే అక్షరాలు ఒకదాని వెనక ఒకటి, తీరిగ్గా నడిచొచ్చాయి. ఆవిడ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, గ్లాసు చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చుంది.